'సూర్యుడు' దగ్గర ఆగిన వేలు

మూడో తరగతి పాప ఒకటో స్థాయి పుస్తకం చదువుతూ 'సూర్యుడు' దగ్గర ఆగిపోయింది. 'సూ' అంది, 'ర' అంది, కింద ఉన్న క్యావడి మీద వేలు పెట్టి నా ముఖంలోకి చూసింది. అంతకు ముందు పేజీలో 'చందమామ'ను గడగడా చదివేసిన పిల్లే. ఇంగ్లీషులో సన్, మూన్ రెండూ ఒకే పాటి తేలిక మాటలు. ఆ పుస్తకం ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చింది. కథ మారింది కానీ అట్ట మీది స్థాయి అంకె మాత్రం అలాగే దిగిపోయింది.

బడి లైబ్రరీకి పుస్తకాలు ఎంచేవాళ్లు ఈ అంకెలను ఎంతవరకు నమ్మాలి? అమెరికా బడులు వీటిని చాలా ఏళ్లుగా వాడుతున్నాయి. అక్కడి లెక్సైల్ పద్ధతి వాక్యాల పొడవునూ, మాటలు ఎంత తరచుగా వాడుకలో కనిపిస్తాయన్నదాన్నీ లెక్కగడుతుంది. ఆ లెక్కలో అమెరికన్ రచయిత స్టైన్‌బెక్ 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' నవలకూ, సాలీడు, పందిపిల్ల స్నేహాన్ని చెప్పే పిల్లల పుస్తకం 'షార్లెట్స్ వెబ్'కూ వచ్చింది ఒకే అంకె: 680. స్టైన్‌బెక్ రైతులు పొట్టి పొట్టి వాక్యాల్లో మాట్లాడతారు. వాళ్ల ఆకలీ, వలసా లెక్కకు అందవు. అమెరికా బడుల కోసం 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాల అనుబంధం ఇదే నవలను ఉదాహరణగా చూపి, అంకె ప్రకారం రెండు మూడు తరగతులకు సరిపోయే ఈ పుస్తకం నిజానికి తొమ్మిది పది తరగతులదని చెప్పింది.

ఫౌంటస్, పినెల్ అనే విద్యావేత్తలు మరో దారి పట్టారు. విషయం, భాష, బొమ్మలు, అచ్చు తీరు అన్నీ మనిషి కళ్లతో చూసి, పుస్తకాలకు ఏ నుంచి జడ్ దాకా అక్షరాలు ఇచ్చారు. దీనికి సమయం పడుతుంది, ఇద్దరు చూస్తే ఇద్దరిదీ ఒకే మాట కాకపోవచ్చు. అయినా నా మొగ్గు దీనివైపే. బాధంతా ఆ అక్షరం పుస్తకాల బుట్ట దిగి పిల్లల మెడకు వేలాడటం గురించి. అది టీచరు వాడుకోవాల్సిన పనిముట్టే తప్ప పిల్లలకు తగిలించే ముద్ర కాదని దాన్ని తయారుచేసిన ఆ ఇద్దరే చెప్పుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర ప్రథమ్ బుక్స్ వారి పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో నాలుగు స్థాయిలున్నాయి. సుమారుగా 250 మాటల లోపు మొదటిది, 600 దాకా రెండోది, 1500 దాకా మూడోది, ఆపైన నాలుగోది. వేల కథలు ఉచితంగా అందించిన ఆ కృషికి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ తెలుగులో మాటల లెక్క నమ్మదగ్గ కొలత కాదు. 'రాలేకపోయానని' మనకు ఒక్క మాట, ఇంగ్లీషులో చెప్పాలంటే నాలుగైదు కావాలి. కాబట్టి తెలుగు కథ పొట్టిగా కనిపిస్తూనే బరువుగా ఉండొచ్చు. మన మెట్లు మన లిపి మీదే కట్టుకోవాలి: ఒత్తులెన్ని, సంధులెన్ని, మాట ఇంట్లో పలికేదా, పుస్తకంలో మాత్రమే కనిపించేదా. అనువాదమైన ప్రతి పుస్తకానికీ స్థాయిని తెలుగులో మళ్లీ నిర్ణయించాలి. కొనే ముందు ఆ తరగతి పిల్లలు నలుగురైదుగురి చేత చదివించి చూడటానికి ఒక్క పూట చాలు.

ఒత్తుల లెక్కతోనూ అంతా తేలదు. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే అమెరికన్ పరిశోధకులు ఒక బేస్‌బాల్ ఆట వర్ణనను 64 మంది పిల్లల చేత చదివించారు. చదువులో వెనకబడినా ఆట బాగా తెలిసినవాళ్లు, బాగా చదవగలిగీ ఆట తెలియనివాళ్ల కంటే ఎక్కువ గుర్తుపెట్టుకుని చెప్పారు.

ఆ రోజు పాప పక్కన కూర్చున్న పిల్లాడి చేతిలో మూడో స్థాయి పుస్తకం ఉంది. టీచరు అది నీకు కష్టంరా అన్నా వదల్లేదు. 'ట్రాక్టర్'లో ఒక క్రావడి, ఒక ట-ఒత్తు ఉన్నాయి. వాడు ఎక్కడా తడబడలేదు, వాళ్ల నాన్న నడిపేది అదే. చదవడం ఆపి, బొమ్మలో వెనక చక్రాలు ముందువాటి కంటే చిన్నగా వేశారని నాకు వేలు పెట్టి చూపించాడు.