అద్దం మీద నెమలి

శ్రీకాకుళం, విజయనగరాల్లో కొత్తగా కట్టే ఇళ్లలో పూజగది తలుపు అద్దం మీద నెమలో, వెంకన్నబాబో తెల్లగా తీర్చి ఉండడం చూస్తున్నాం. ముచ్చటగానే ఉంటుంది, కాదనను. అద్దానికి స్టిక్కరు అంటించి, బొమ్మ మేరకు కోసి, కంప్రెసర్ గాలితో ఇసుక కొడతారు. 1870లో అమెరికాలో టిల్‌మన్ పేటెంటు పొందిన పద్ధతే ఇది.

నా పేచీ అంతా ఆ ఇసుకతోనే. ఏటి ఇసుకలో సిలికా ఎక్కువ. దెబ్బకది పొడై ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. అది నయమయ్యే జబ్బు కాదు. ముఖానికి తువ్వాలు చుట్టుకున్నంత మాత్రాన ఆ పొడి ఆగదు. బ్లాస్టింగుకు ఇసుక వాడరాదని బ్రిటన్ 1949లోనే నిబంధన పెట్టింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను తప్పక తెలియజేయవలసిన జబ్బుల్లో చేర్చింది గాని, ఇద్దరు ముగ్గురు పనిచేసే షెడ్ల దాకా ఆ చట్టం రాలేదు.

చిత్రమేమంటే, దీనికి బదులు మన గుమ్మంలోనే ఉంది. భీమిలి నుంచి కళింగపట్నం దాకా తీరపు ఇసుకలో ఎర్రగా మెరిసే గార్నెట్‌ను దేశదేశాల్లో బ్లాస్టింగుకు వాడుతున్నారు. అందులో విడి సిలికా బహు స్వల్పం. అయినా మూసిన పెట్టె, సరైన మాస్కు ఉండాల్సిందే.

కనుక మిత్రులారా, అద్దానికి బేరమాడేటప్పుడు అడుగు ధర ఒక్కటే అడక్కండి. ఏ ఇసుక కొడుతున్నారో, కొట్టే కుర్రాడికి మాస్కు ఉందో లేదో కూడా అడగండి. నాలుగు రూపాయలు ఎక్కువైతే ఇచ్చేద్దాం.