గట్టు దాకా రాని తీగలేని విద్య

మన హాస్టలు గదిలో ఏమేమి సామాను వున్నదో అడిగితే మంచం, బల్ల, పెట్టె అని లెక్క చెబుతాం. అదే గదిలో రేడియో తరంగాలతో మాట్లాడే పరికరాలు యెన్ని వున్నాయో యెప్పుడైనా లెక్కపెట్టామా? జేబులోని ఫోను ఒక్కటే నాలుగు భాషలు మాట్లాడుతుంది. దూరాన వున్న టవరుతో ఒక భాష, వరండాలోని వైఫై పెట్టెతో ఒక భాష, చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోనుతో బ్లూటూత్ భాష, దుకాణంలో డబ్బు కట్టే యంత్రానికి ఆనించినప్పుడు ఎన్‌ఎఫ్‌సి అనే మరో భాష.

వున్నది ఒకటే గాలి గదా, ఇన్ని భాషలు దేనికి, అన్నిటికీ ఒక్కటి చాలదా అని ఫస్టియరు మిత్రుడొకడు అడిగాడు. ప్రశ్న చిన్నదే. కాని నేను చెప్పదలచుకున్న మాటంతా దాని జవాబులోనే వున్నది.

తీగ లేకుండా కబురు పంపాలంటే మూడు సంగతులు చూసుకోవాలి. యెంత దూరం పోవాలి? యెంత వేగంగా పోవాలి? యెంత కరెంటు ఖర్చవుతుంది? యీ మూడూ ఒకేసారి మనకు అనుకూలంగా దొరకవు. దూరం రెండింతలైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుందని ఇంటర్‌లోనే చదువుకున్నాం. చెట్టూ చేమా, గోడా అడ్డమైతే ఇంకా తగ్గుతుంది. అంచేత పని చూసి దారి యెంచుకోవాలి. మందుకట్ట తేవడానికి సైకిలు చాలు, ధాన్యం బస్తాలకు లారీ కావాలి. లారీలో మందుకట్ట తెచ్చేవాణ్ణి చూసి ఊరు నవ్వుతుంది.

టీవీ రిమోటు పంపేది రేడియో తరంగం కాదు, కంటికి కనబడని పరారుణ కాంతి. అందుకే చెయ్యి అడ్డం పెడితే ఆగిపోతుంది. ఎన్‌ఎఫ్‌సి 13.56 మెగాహెర్ట్‌జ్ మీద పని చేస్తుంది, నాలుగు వేళ్ళ దూరం దాటితే వినబడదు. డబ్బు వ్యవహారానికి ఆ పొట్టి చూపే రక్ష. బ్లూటూత్, వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్‌జ్ అనే ఒకే రోడ్డు మీద నడుస్తాయి. ఒకదాన్నొకటి గుద్దుకోకుండా మొదటి నుంచీ వున్న బ్లూటూత్ పద్ధతి 79 సన్నటి దారుల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతూ పోతుంది. 1997లో మొదటి ప్రమాణం వెలువడిన వైఫై సినిమా మొత్తాన్ని మోసుకు రాగలదు గాని, రెండు గోడలు దాటేసరికి రొప్పుతుంది. ఇళ్ళలో దీపాలకీ మీటలకీ జిగ్‌బీ అనేది వున్నది. అందులో ఒక పరికరం చెప్పింది విని పక్క పరికరం ముందుకు అందిస్తుంది.

ఇంత వివరం యెందుకు చెబుతున్నానంటే, యీ లెక్కలన్నీ వేసింది గది కోసం, ఆఫీసు కోసం, కారు కోసం. గది నుంచి గదికి పోయే దారులు దండిగా వున్నాయి. ఊరి నుంచి పొలం గట్టుకు పోయే దారి సంగతేమిటి? మాది వ్యవసాయ కుటుంబం గనుక యీ ప్రశ్న నాకు పుస్తకంలో దొరికింది కాదు.

మన దేశంలో తీగలేని విద్య మొదలైంది కబుర్లతో కాదు. 1895 ప్రాంతంలో జగదీశ్ చంద్ర బోసు కలకత్తాలో పెద్దల యెదుట మిల్లీమీటరు తరంగాలతో దూరాన వున్న గంటను మోగించాడు, తుపాకి మందును పేల్చాడు. అంటే ఒక చోట నిలబడి మరో చోట వున్న వస్తువు చేత పని చేయించడం. రైతుకు కావలసింది సరిగ్గా అదే. మోటారు వెయ్యాలి, కట్టెయ్యాలి. మోటారు తిరుగుతున్నదా, మూడు ఫేజులూ వున్నాయా, నీళ్ళు పడుతున్నాయా అని తెలియాలి. మూడు ప్రశ్నలు, మూడింటికీ అవును, కాదు అనే జవాబులు. మన భాషలో మూడు బిట్లు! యీ మూడు బిట్ల కోసం అర్ధరాత్రి బ్యాటరీ లైటు పట్టుకుని పాముల మధ్య, తడిమట్టిలో కరెంటు పెట్టె దగ్గరకు నడిచేవాళ్ళు ఇంకా వున్నారు.

సెల్‌ఫోను స్టార్టర్లు వచ్చాయి గదా అనవచ్చు. వచ్చాయి, మేలు చేశాయి, కాదనను. ఐతే ఆ పెట్టెలో ఒక సిమ్ము వుంటుంది, దానికి రీచార్జి వుంటుంది. మూడు బిట్ల కబురుకు దేశమంతా మాట్లాడుకునే టవరు మార్గం వాడటమంటే లారీలో మందుకట్ట తేవడమే. పైగా టవరు మారితే పెట్టె మారాలి. 2జి, 3జి సర్వీసులను అనేక దేశాల్లో మూసేశారు, మన దగ్గర కూడా 3జి చాలామటుకు పోయింది. మా బోరు మీద పెట్టిన స్టార్టరుకు ఆ కంపెనీ ఫోను యాప్ వుండేది. రెండేళ్ళకు కంపెనీ ఆ యాప్‌ను ఆపేసింది. పెట్టె బాగానే వున్నది, బోరు బాగానే వున్నది, మధ్యన మాట పడిపోయింది. పక్క పొలంలో వున్నది ఇంకో కంపెనీ పెట్టె. దాని మాట దీనికి రాదు.

కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసే ఆటో స్టార్టరు సంగతి వేరు. అది నేల అడగదు, నీరు అడగదు. అవసరమున్నా లేకున్నా తోడేస్తుంది. 2017లో తెలంగాణలో 24 గంటల కరెంటుకు ముందు ఆటో స్టార్టర్లు తీసెయ్యమని రైతులకు నచ్చచెప్పవలసి వచ్చిందంటే కారణం అదే. నిర్ణయం మనిషిది, నడక యంత్రానిది కావాలని నా వాదం. ఆటో స్టార్టరు నిర్ణయాన్నే లాగేసుకుంటుంది.

మరి గట్టుకు తగిన దారి లేదా? వున్నది. ఫ్రాన్సులో పుట్టిన లోరా అనే పద్ధతి సెకనుకు కొన్ని వందల నుంచి కొన్ని వేల బిట్లు మాత్రమే మోస్తుంది. నత్తనడకే. కాని ఆ నెమ్మది వల్లనే బలహీనమైన సంకేతాన్ని కూడా పట్టుకుంటుంది, బయలు ప్రదేశంలో కిలోమీటర్ల దూరం పోతుంది. పని లేనప్పుడు నిద్రపోయే చిన్న పరికరమైతే బ్యాటరీ మీద ఏళ్ళ తరబడి బతుకుతుంది. మన దేశంలో అది నడిచే 865 మెగాహెర్ట్‌జ్ ప్రాంతాన్ని 2005లోనే లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు, తర్వాత 868 దాకా పెంచారు. టోల్‌గేటు దగ్గర కారు అద్దం మీది ఫాస్టాగ్‌ను చదివేది కూడా ఆ ప్రాంతంలోనే. కారు ఆగకుండా పోవడానికి పనికొచ్చిన గాలి, రైతు రాత్రి లేవకుండా వుండటానికి పనికి రాదా?

గాలి తరంగాలు ప్రజల సొత్తు అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు క్రికెట్టు ప్రసారాల కేసులో తీర్పు చెప్పింది. సొత్తు ప్రజలదైనా దాని మీద పెట్టే పెట్టెకు తాళం కంపెనీది ఐతే లాభం? పట్నంలో ఇంటి పరికరాల విషయంలో యీ చిక్కు పెద్ద కంపెనీలకే తెలిసివచ్చింది. ఎవరి బల్బైనా ఎవరి మీటతోనైనా వెలగాలని అవి కలిసి 2022లో మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని తెచ్చాయి. బల్బుకు దొరికిన మర్యాద బోరుకు దక్కాలి. ఏ స్టార్టరైనా ఏ ఫోనుతోనైనా మాట్లాడాలి, ఆ భాష బహిరంగంగా వుండాలి. సబ్సిడీ ఇచ్చే చోట ప్రభుత్వం యీ ఒక్క షరతు పెడితే చాలు.

"ముందు గిట్టుబాటు ధర ఇప్పించండ్రా, ఆ తర్వాత మీ రేడియోలు" అంటాడు మా పెదనాన్న. ఆయన మాటకు యెదురు లేదు. కాని ధర కోసం అడగటం మానేసి రేడియో అడగమని నేను చెప్పటం లేదు. కాలిన మోటారు చుట్టించే ఖర్చు కూడా ధరలోంచే పోతున్నది.

ఇంకొక అభ్యంతరం దీనికన్నా బరువైనది. దూరం నుంచి మోటారు వేసేటప్పుడు అక్కడ ఎవరైనా తీగ మీద చెయ్యి పెట్టి వుంటే? అంచేత తీగలేని ఏ ఆజ్ఞనైనా కాదనగల చేతి మీట ఒకటి పెట్టె దగ్గరే వుండాలి. అది కట్టేసి వున్నంతసేపు ఏ ఫోనూ మోటారును వెయ్యలేకూడదు. ఇచ్చిన ఆజ్ఞ సొంతదారుడిదేనని పెట్టె తేల్చుకోగలగాలి. యీ రెండూ లేని సౌకర్యం నాకు వద్దు.

మిత్రులారా, గురువులారా! మనం లేబొరేటరీలో ఆసిలేటరు సర్క్యూటు కడతాం, రికార్డు రాస్తాం, సంతకం పెట్టించుకుని విప్పేస్తాం. ఫిజిక్సు, ఎలక్ట్రానిక్సు శాఖలు కలిసి యీ ఏడు మన కాలేజీ డాబా మీద ఒక లోరా ఏరియలు నిలబెట్టలేవా? 865 మెగాహెర్ట్‌జ్‌కు తరంగం పొడవు అడుగు పైచిలుకే, ఏరియలు అంతకన్నా పొట్టిదైనా సరిపోతుంది. చుట్టుపక్కల పొలాల్లో అయిదు బోర్ల దగ్గర పెట్టి, ఏ దూరంలో, ఏ పంటలో, ఏ వానలో కబురు అందిందో అందలేదో రాసిపెడదాం. ఆ లెక్కలు తెలుగులో అచ్చువేసి ఊళ్ళలో పంచుదాం. యూనియను ఫండులో పూలదండలకు పోయే డబ్బు దీని మొదటి ఖర్చుకు సరిపోతుందని నా అంచనా.

వచ్చే ఏటి సంచికలో యీ విషయం మీద ఇంకో అభిప్రాయ వ్యాసం రాకూడదని నా కోరిక. ఆ అయిదు బోర్ల పట్టిక రావాలి.