బీడు అనే ముందు మూడడుగులు తవ్వి చూడండి

ఈసారి మిర్చి రేటు గురించి కాదు, పురుగు మందు గురించి కూడా కాదు. మన కాళ్ల కింద ఉన్న నేల గురించి నాలుగు మాటలు. పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మొన్న ఏన్కూరు సెంటర్లో చాయ్ తాగుతుంటే ఒకాయన అన్నడు, "ఊరి పైన బంచరాయి ఉత్తగనే పడి ఉంది, ఎడారి లెక్క. జేసీబీ పెట్టి చదును చేస్తే ఎవరికన్నా పనికొస్తది." ఇంకొకాయన అందుకొని, "నా మొరం చెలక కూడా అంతే. ఈసారి దాంట్ల పామాయిల్ పెడతా, సబ్సిడీ కూడా ఉంది గదా" అన్నడు. రెండు మాటలూ నాకు నచ్చలేదు. అక్కడ వాదన పెట్టుకోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్న.

ఎడారి అనే మాట వచ్చింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా. ఎడారి నేల అంటే మనకు గుర్తొచ్చేది ఇసుక దిబ్బలు. కానీ నేలల శాస్త్రం చదివినోళ్లు ఇసుక చూసి పేరు పెట్టరు. అమెరికా వ్యవసాయ శాఖ పద్ధతి ప్రకారం ప్రపంచంలో నేలలన్నీ 12 పెద్ద తరగతులు. ఎడారి నేలలది 'అరిడిసాల్' తరగతి. మన నల్లరేగడి 'వర్టిసాల్', ఎర్ర చెలకల్లో ఎక్కువ భాగం 'ఆల్ఫిసాల్'. పటాన్‌చెరు ఇక్రిశాట్ పొలాల్లో ఈ నల్ల నేల, ఎర్ర నేల రెండూ ఉన్నయి.

అసలు సంగతి ఏందంటే, ఆ ఎడారి నేలను మళ్లీ ఏడు రకాలుగా విడదీస్తరు. అందులో చాలా వాటికి గుర్తు పైమట్టిలో ఉండదు, కింది పొరలో ఉంటది. కింద సున్నం పేరుకుంటే ఒక పేరు, జిప్సం పేరుకుంటే ఒక పేరు, ఉప్పు ఉంటే ఒక పేరు, బంకమట్టి పొర ఉంటే ఇంకో పేరు. అక్కడ వాన తక్కువ కాబట్టి సున్నం, ఉప్పు పూర్తిగా కిందికి కొట్టుకుపోవు. కొంత లోతు దిగి అక్కడే ఆగి గట్టిపడతయి. పైన అంతా ఒక తీరుగానే కనపడుతది, కింద మాత్రం దేని కథ దానిదే.

ఇది చూసుకోకపోతే ఏమైతదో రాజస్థాన్‌లో తెలిసింది. ఇందిరాగాంధీ కాలువ వచ్చింది, ఎడారికి నీళ్లొచ్చినయి, పంటలు పండినయి. మంచిదే. కానీ కొన్నిచోట్ల కింద జిప్సం, సున్నం గట్టి పొర ఉండేసరికి నీళ్లు దిగలేదు. ఊట పైకొచ్చి భూములు జౌకెక్కినయి, ఆ నీటితో పాటు ఉప్పు పైకి తేలింది. ఎండిపోయిన నేల కాస్తా చౌడు నేల అయింది. నీళ్లు రావడం తప్పు కాదు, కింద ఏముందో చూడకపోవడం తప్పు.

మన తెలుగు నేల మీద ఎడారికి దగ్గరగా ఉన్నది అనంతపురం. అక్కడ ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన. రాయదుర్గం వైపు హగరి ఒడ్డున ఇసుక గాలికి లేచి చేలను కప్పేస్తుంటది. మన ఖమ్మం జిల్లాలో వెయ్యి మిల్లీమీటర్ల పైనే పడుతది. ఇటు తల్లాడ, అటు జూలూరుపాడు అడవి, మధ్యలో మనం. ఇంత వాన పడే చోట ఒక నేలను ఎడారి అంటున్నామంటే లోపం వానలో లేదు. మొరం నేల నీళ్లు పట్టి ఉంచలేదు, అంతే. పది రోజులు వాన ఆగితే అక్కడ పంటకు ఎడారే.

ఇది నేను చేతులు కాల్చుకొని నేర్చుకున్న పాఠం. నాకున్నది ఐదెకరాలు. పైన రెండెకరాలు మొరం, నడుమ ఎర్ర చెలక, కింద వాగు పక్కన రేగడి. కొన్నేళ్ల కింద మట్టి పరీక్షకు శాంపిల్ తీసుకుపోయిన్రు. తీసింది కింద రోడ్డు పక్కన ఒక్కచోట. కార్డు వచ్చింది. అన్నీ 'మధ్యస్థం' అని ఉంది. ఆ కార్డు పట్టుకొని ఐదెకరాలకూ ఒకే లెక్కన ఎరువు వేసి పత్తి పెట్టిన. నడిమిట్ల వాన మొఖం చాటేస్తే కింద రేగడిలో చేను నిలబడ్డది, పైన మొరంలో కాయ పట్టకముందే ఎండిపోయింది. విత్తనం, ఎరువు, కూలి అన్నీ పోయినయి. తర్వాత తవ్వి చూస్తే అడుగున్నర లోతులోనే గడ్డపార ఠంగుమని ఎగిరింది. ఆ తవ్వేదేదో ముందే తవ్వితే ఒక పూట పని.

కార్డు వద్దని నేను అనను. భూసార కార్డు పథకం 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైంది. ఎడారి ఊరే అది. 12 లెక్కలు చెప్తది. ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. ఇవన్నీ కావాల్సినవే. కానీ మూడు సంగతులు గుర్తు పెట్టుకోండి.

ఒకటి, ఆ పథకం లెక్కలో నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు, అంటే ఆరెకరాల పైచిలుకుకు ఒక శాంపిల్. వర్షాధారమైతే పది హెక్టార్లకు, అంటే ఇంచుమించు పాతికెకరాలకు ఒకటి. మన దగ్గర పాతికెకరాల్లో నలుగురైదుగురు రైతులు, నాలుగు రకాల నేలలు ఉంటయి.

రెండు, మామూలు పంటలకు మట్టి తీసేది పై ఆరంగుళాలు. దాని కింద రాయి ఉందో, బంక ఉందో, సున్నం ఉందో కార్డుకు తెలియదు.

మూడోది చాలామందికి తెలియదు. ల్యాబులో మట్టిని రెండు మిల్లీమీటర్ల జల్లెడ పడతరు. దానికన్నా పెద్ద రాయి, మొరం అంతా పక్కన పారేస్తరు. పరీక్ష పద్ధతే అది, తప్పేం లేదు. కానీ మన చేలో ఆ రాళ్లను ఎవరూ పారేయరు గదా. ఎకరం నేలలో ఆరంగుళాల మట్టి బరువు ఇంచుమించు తొమ్మిది లక్షల కిలోలు. అందులో సగం మొరమే ఉంటే పంటకు అందే మట్టి నాలుగున్నర లక్షలే. కార్డులో ఎకరానికో హెక్టారుకో ఇన్ని కిలోలని రాసిన పొటాష్, భాస్వరం కూడా అసలు ఉండేది సగమే. నీళ్లు పట్టుకునేదీ సగమే. 'మధ్యస్థం' అని చదివి నేను మోసపోయింది ఇక్కడే.

వామనుడు బలిని మూడడుగులు అడిగిండు. నేనూ మిమ్మల్ని మూడడుగులే అడుగుతున్న, కాకపోతే కిందికి. చేలో రంగు మారిన ప్రతి చోటా ఒక గుంత తవ్వండి. తోట పెట్టేటోళ్లయితే ఆరడుగులు. రంగు ఎక్కడ మారింది, వేర్లు ఎక్కడ ఆగినయి చూడండి. ఒక బకెట్ మట్టి ఎండబెట్టి జల్లెడ పట్టి, రాయి ఎంత, మట్టి ఎంత తూకం వేయండి. తడి మట్టిని వేళ్ల మధ్య రిబ్బన్ లెక్క సాగదీయండి. సాగితే బంక, తెగితే ఇసుక. తెల్ల గడ్డలు కనపడితే పొడి చేసి నిమ్మరసం పిండండి, బుస్సుమంటే సున్నం. చివరికి గుంత నిండా నీళ్లు పోసి తెల్లారి చూడండి. అట్లనే నిలిచి ఉంటే అది జౌకెక్కే నేల.

పామాయిల్ పెట్టేటోళ్లకు ఇది మరీ ముఖ్యం. ఎకరానికి 57 మొక్కలు, కాపు రావడానికి మూడు నాలుగేళ్లు, తోట ఉండేది పాతికేళ్ల పైనే. పత్తి పోతే ఒక ఏడు పోతది. లోతు లేని నేలలో తోట పెడితే మన పిల్లల కాలం కూడా తాకట్టు పెట్టినట్టే.

ఇక బంచరాయి మాట. ఆ నేల కూడా తవ్వి చూడండి, జానెడు మట్టి, కింద మొరం. దున్నడానికి పనికిరాదు కాబట్టే మన పెద్దోళ్లు దాన్ని పశువులకు వదిలిన్రు. చదువు లేకపోయినా వాళ్లు చేసింది నేల వర్గీకరణే. రేగడి, చెలక, దుబ్బ, మొరం, చౌడు అని పేర్లు పెట్టి, ఏది దేనికో తేల్చి పెట్టిన్రు. అక్కడ గడ్డి ఉంది, రేగు ఉంది, మోదుగ ఉంది. ఆ వేర్లే మట్టిని పట్టుకున్నయి. జేసీబీ పెట్టి గీకితే రెండు వానలకు ఆ జానెడు మట్టి చెరువులో ఉంటది. అప్పుడు అది నిజంగనే ఎడారి.

అమెరికాలో 1930ల్లో ఇదే జరిగింది. గడ్డి మైదానాలు దున్ని గోధుమ వేసిన్రు, కరువు రాగానే మట్టి తుపానులు లేచినయి, లక్షల మంది ఊళ్లు వదిలిన్రు. 1935లో నేల సంరక్షణ కోసం ప్రత్యేక శాఖ పెట్టుకోవాల్సి వచ్చింది. మన దగ్గర చూస్తే, ఉపగ్రహ ఫొటోలతో తయారయ్యే వేస్ట్‌ల్యాండ్ అట్లాసుల్లో గడ్డి పలచబడ్డ మేత భూములు, పొదల భూములు కూడా 'వేస్ట్' కిందికే వస్తయి. వేస్ట్ అని ఒకసారి పేరు పడితే ఇక ఎవరైనా అడగొచ్చు, ఎవరికైనా ఇవ్వొచ్చు. ఐక్యరాజ్యసమితి మాత్రం 2026ను మేత భూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. ప్రపంచానికి గుర్తొచ్చిన సంగతి మన ఊరికి గుర్తు రాకపోతే ఎట్లా?

ఇంటి జాగాలకు, రోడ్లకు భూమి కావాలని కొందరు అంటరు. నిజమే, ఊరు పెరుగుతది. కానీ ఏ ముక్క ఇవ్వాలో గ్రామసభలో కూర్చొని, గుంత తవ్వి చూసి తేల్చుకుందాం. "ఉత్తగనే పడి ఉంది" అనే ఒక్క మాట మీద మాత్రం వద్దు. రోజూ మేకలు, గొర్లు, ఆవులు మేసి ఇంటికి పాలు, చేనుకు ఎరువు తెచ్చే భూమి ఉత్తది ఎట్లయితది?

నా పై రెండెకరాలు ఇప్పుడు దున్నడం లేదు. గడ్డి వదిలిన, గట్ల మీద సీతాఫలం పెట్టిన. పెద్ద లాభమేం లేదు, నష్టం మాత్రం ఆగింది. ఎండాకాలంలో గొడ్లకు మేత కొనే బాధ తగ్గింది.

దుక్కులు మొదలు కాకముందే ఒక పూట గడ్డపార పట్టండి. మీ చేలో ఎన్ని అడుగులకు రాయి తగిలిందో కింద కామెంట్లో రాయండి. ఏ ఊరి నేల ఎట్లుందో మనమే ఒక లెక్క తయారు చేసుకుందాం.