చట్టం కోసం ఊరొదిలారు!

అఫిడవిట్, ఎలిబీ, వీటో, కోరమ్... రోజూ పేపర్లో కనిపించే మాటలే. అన్నీ లాటిన్ నుంచి వచ్చినవే. శామీర్‌పేటలో 1998లో ఏర్పాటైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో లా చదివే పిల్లలకైనా ఈ భాష ముక్కలు తప్పవు. తీర్పు చెప్పేముందు రెండో పక్షం మాట కూడా వినాలన్న సూత్రాన్ని కోర్టుల్లో ఇప్పటికీ లాటిన్‌లోనే చెబుతారు. లోకానికి ఇన్ని న్యాయ సూత్రాలు ఇచ్చిన రోమ్‌లోనే ఒకప్పుడు చట్టంలో ఏముందో మామూలు మనిషికి తెలిసేది కాదు. తెలుసుకోవడానికి వాళ్లు ఊరు ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది!

రోమన్లు చెప్పుకొనే చరిత్ర ప్రకారం క్రీ.పూ. 509లో వాళ్లు రాజును వెళ్లగొట్టారు. రాజు పోయాడు కానీ పెత్తనం పోలేదు. అది పాట్రీషియన్లు అనే కొన్ని పెద్ద కుటుంబాల చేతికొచ్చింది. మిగతా జనమంతా ప్లెబియన్లు. అప్పట్లో చట్టం రాసిపెట్టి లేదు. తాతలనాటి ఆచారమే చట్టం. ఆ ఆచారం ఏమిటో చెప్పాల్సింది పెద్దిళ్ల నుంచి వచ్చిన పూజారులు. ఏ రోజున కోర్టు జరుగుతుందో, దావా వేసేవాడు ఏ మాటలు పలకాలో వాళ్లకే తెలుసు.

దీనికి అప్పుల బాధ తోడైంది. యుద్ధానికి వెళ్లిన రైతు తిరిగొచ్చేసరికి పొలం బీడుపడేది. అప్పు చేసేవాడు. తీర్చలేకపోతే తనే అప్పిచ్చినవాడికి కట్టుబానిస అయ్యేవాడు. వెట్టిచాకిరీ కథలు విన్న తెలంగాణ పల్లెలకు ఇది కొత్త సంగతి కాదు.

క్రీ.పూ. 494లో ప్లెబియన్లకు ఓపిక నశించింది. వాళ్లు కత్తి పట్టలేదు. మూటాముల్లె సర్దుకుని ఊరి బయట కొండ మీదికి వెళ్లి కూర్చున్నారు. పొలం దున్నేవాళ్లు, సైన్యంలో నిలబడేవాళ్లు వాళ్లే మరి! పెద్దలు దిగివచ్చారు. ప్లెబియన్ల తరఫున ట్రిబ్యూన్లు అనే ప్రతినిధులు వచ్చారు. అధికారి తప్పు చేస్తే వాళ్లు అడ్డుపడొచ్చు. లాటిన్‌లో వీటో అంటే 'అడ్డుకుంటున్నాను' అనే అర్థం.

ఆ తర్వాత వచ్చిన డిమాండ్, చట్టాన్ని రాసిపెట్టమని. క్రీ.పూ. 451లో ఆ పని పదిమందికి అప్పగించారు. మరుసటి ఏడాది వచ్చిన పదిమంది కంచే చేను మేసినట్టు గద్దె దిగకుండా పెత్తనం మొదలెట్టారు. జనం మళ్లీ ఊరొదిలారు. చివరికి పన్నెండు పలకల మీద చట్టం రాసి, నగరం నడిబొడ్డున అందరికీ కనిపించేలా పెట్టారు.

ఆ చట్టం దయగలదేమీ కాదు. అప్పు ఖరారయ్యాక 30 రోజులే గడువు. ఆ తర్వాత అప్పిచ్చినవాడు సంకెళ్లు వేయొచ్చు. పాట్రీషియన్లకూ ప్లెబియన్లకూ పెళ్లిళ్లు కుదరవని కూడా అందులో ఉంది. బానిసలకైతే దక్కిందేమీ లేదు. అయినా గడువు 30 రోజులని రాసి ఉన్నప్పుడు ఇరవయ్యో రోజున మెడ మీద చెయ్యి వేసేవాణ్ని నిలదీయొచ్చు. తప్పుగా ఉన్నదాన్ని మార్చమనీ అడగొచ్చు. అలాగే అడిగారు. పెళ్లిళ్ల మీద నిషేధం క్రీ.పూ. 445లో పోయింది. అప్పుకు మనిషిని కట్టేసే పద్ధతిని క్రీ.పూ. 326లో రద్దు చేశారు. మన దేశంలో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో!

చట్టం రాసినా కిటుకులు మాత్రం పెద్దల దగ్గరే ఉండిపోయాయి. తన ద్రాక్షతీగలు నరికారని ఒకాయన దావా వేస్తే ఓడిపోయాడట. చట్టంలో ఉన్న మాట 'చెట్లు'. ఆయన 'తీగలు' అన్నాడు! క్రీ.పూ. 304లో ఫ్లావియస్ అనే గుమాస్తా కోర్టు జరిగే రోజుల పట్టికను తెల్ల పలకల మీద రాసి జనం మధ్య పెట్టేశాడు. దావా మాటలూ బయటపెట్టాడు. బానిసత్వం నుంచి బయటపడ్డవాడి కొడుకు చేసిన ఈ పనికి పెద్దలు మండిపడ్డారు.

సామ్రాజ్యం పెరిగాక భాష అడ్డొచ్చింది. క్రీ.శ. 212లో కరకల్లా చక్రవర్తి దాదాపు స్వతంత్రులందరికీ రోమన్ పౌరసత్వం ఇచ్చాడు. కానీ రోమన్ పౌరుడి వీలునామా లాటిన్‌లో ఉంటేనే చెల్లేది. గ్రీకు మాట్లాడే ఈజిప్టులో ఎంతమందికి ఆ భాష వచ్చు? తర్వాత అలెగ్జాండర్ సెవెరస్ కాలంలో గ్రీకులో రాసుకోవచ్చన్నారు. 535లో జస్టీనియన్ చక్రవర్తి ఒక చట్టాన్ని గ్రీకులో ఇస్తూ, అందరికీ తెలియాలనే ఈ భాషలో రాశామని అందులోనే చెప్పాడు.

హైదరాబాద్ రాజ్యంలో కోర్టు భాష మొదట పారశీకం. 19వ శతాబ్దం చివర్లో ఉర్దూ వచ్చింది. తర్వాత ఇంగ్లిషు. రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం పార్లమెంటు వేరే ఏర్పాటు చేసేదాకా సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లిషే.

శామీర్‌పేట నుంచి సిటీ వైపు వస్తే అల్వాల్, దాని పక్కనే మచ్చబొల్లారం. అక్కడి భూమిపై అన్నదమ్ముల తగాదా హైకోర్టుకెక్కింది. 2023 జూన్ 27న జస్టిస్ పి.నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాకల ధర్మాసనం అందులో తెలుగులో తీర్పు ఇచ్చింది. ఇంగ్లిషు ప్రతి కూడా ఉంది. తెలంగాణ హైకోర్టులో తెలుగులో వచ్చిన తొలి తీర్పుగా అది వార్తలకెక్కింది.

కోర్టుకెక్కితే గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు అంటారు పెద్దలు. ఔటర్ రింగురోడ్డు వచ్చాక గజం భూమికీ తగాదా పడే మేడ్చల్, శామీర్‌పేటల్లో ఆ మాట తెలియని ఇల్లుండదు. గెలిచినా ఓడినా, ఎందుకు గెలిచామో ఎందుకు ఓడామో వకీలును అడగకుండా ఇంట్లో కూర్చుని చదువుకోగలగడం చిన్న సంగతేమీ కాదు. రోమ్ జనం చట్టాన్ని రాసిపెట్టమని అడిగింది దానికోసమే.