ఖనిజానికి రైలు, మరి మనుషులకో?

దల్లీరాజహరా నుంచి జగదల్‌పూర్ దాకా 235 కిలోమీటర్ల రైలుమార్గానికి 2007లోనే ఒప్పందం కుదిరింది. భిలాయి కొలుములకు ఇనుప ఖనిజం అవసరం గనుక పట్టాలు ముందుగా రావ్‌ఘాట్ వైపు సాగాయి. అక్కడి నుంచి జగదల్‌పూర్‌కు మిగిలిన 140 కిలోమీటర్లకు, సుమారు 3,500 కోట్ల రూపాయల వ్యయంతో, రైల్వే మంత్రిత్వశాఖ ఆమోదం లభించినది 2025లో!

కొత్తవలస-కిరండోల్ మార్గాన్నీ 1960లలో జపానుకు ఖనిజం తరలించడానికే నిర్మించారు. బస్తరు ప్రజల ప్రయాణావసరం ఏనాడూ తొలి లెక్కలోకి రాలేదు.

ఈ మార్గం పూర్తయితే భిలాయి సెక్టర్ 6 వంటి కార్మికవాడల్లోని తెలుగు కుటుంబాలకు విశాఖకు మరో దారి ఏర్పడుతుంది. అంతకు మించి, నారాయణపూర్, కొండగావ్ ప్రజల గడపకు రైలు వస్తుంది. ఆమోదముద్రతో పట్టాలు పడవు. ఏటేటా బడ్జెట్టు పద్దులో నిధులు పడాలి. ఖనిజంపై చూపిన శ్రద్ధ మనుషులపైనా చూపడం ఢిల్లీ పాలకుల కనీస ధర్మం.