మన కళాశాలలో నాణెముల సేకరణ – ఒక సూచన

కొంతకాలము క్రిందట ఒక విద్యార్థి తన అవ్వగారి పెట్టెలో దొరికిన అణా నొకదానిని తెచ్చి నా బల్లపై నుంచెను. అది ఐదవ జార్జి చక్రవర్తి నాటిది. అంచులు వంపులు తిరిగి యున్నది. "సార్, దీనికెంత వస్తుంది?" అని అతడడిగెను. నేను బదులు చెప్పక, దానిని త్రిప్పి వెనుకవైపు చదువుమంటిని. అందు విలువ ఆంగ్లముతోపాటు నాలుగు దేశభాషలలో చెక్కబడి యున్నది. తెలుగు అక్షరములను అతడే చదివెను. ఉర్దూ అక్షరములను వెనుక బల్లపై కూర్చున్న మిత్రుడు వచ్చి చదివెను. నాగరి లిపిని పలువురు గుర్తించిరి. బంగాళీ మాత్రము ఎవరికిని తెలియలేదు. ఒక్క అణాను పూర్తిగా చదువుటకు తరగతి అంతయు కూడవలసి వచ్చినది.

ఆనాటి నుండి నా మనస్సులో ఒక ఆలోచన మెదలుచున్నది. మన కళాశాలలో ప్రాచీన నాణెములను, దేశదేశముల నాణెములను సేకరించి భద్రపరచు ఏర్పాటు ఒకటి ఉండవలెను. ఇది ధనికుల వేడుక యని కొందరనవచ్చును. నా అభిప్రాయము వేరు. మన సీమలో చెలామణి యైన నాణెములను చదువుటకు కావలసినది ధనము కాదు, భాషలు. తెలుగు, ఉర్దూ చదువుకొనువారు ఒకే ఆవరణలో నున్న మన కళాశాలకు ఈ పని మిక్కిలి తగినది.

మన చుట్టుప్రక్కల చరిత్రనే చూడుడు. మదనపల్లెకు సమీపముననే గుఱ్ఱంకొండ కలదు. టిప్పు సుల్తాను దానికి జఫరాబాదు అని పేరిడి, అచ్చట టంకసాల నెలకొల్పెను. అతని రాగి పైసలపై ఏనుగు బొమ్మ యుండును. మొదట హిజ్రీ శకమును వాడిన టిప్పు, 1787 ప్రాంతమున మౌలూదీ అను క్రొత్త లెక్కను ప్రవేశపెట్టి, అంకెలను కుడినుండి ఎడమకు వేయించెను. ఈ సంగతి తెలియనివాడు ఆ పైసను చేత పట్టుకొనియు దాని కాలమును చెప్పజాలడు. అతని తండ్రి హైదరు ఆలీ తన బంగారు వరహాలపై ఇక్కేరి నాయకుల నాటి శివపార్వతుల ప్రతిమను అట్లే నిలిపి, రెండవవైపున తన పేరిలోని మొదటి అక్షరమును మాత్రము పార్శీ లిపిలో వేయించెను. ప్రజలకు నమ్మకమైన నాణెమును మార్చరాదని ఆ పాలకుడు గ్రహించెను.

1799లో టిప్పు మరణించిన పిమ్మట ఈ ప్రాంతములు కంపెనీవారి ఏలుబడిలోనికి పోయినవి. వారు 1807 ప్రాంతమున చెన్నపట్టణమున ముద్రించిన వెండి పావు వరహాపై ఒకవైపు గోపురము, ఆంగ్లము, పార్శీ. రెండవవైపు విష్ణుమూర్తి, తమిళము, తెలుగు కానవచ్చును. 1808 నాటి ఇరువది కాసుల రాగి నాణెముపై మన 'కాసు' అను మాటయే పార్శీ అక్షరములలో నున్నది. కుప్పము నుండి వచ్చిన విద్యార్థులకు తమిళము కొంత పరిచితమే. కావున ఆ పావు వరహా మన తరగతిలోనికి వచ్చినచో దానిపై చదువబడని అక్షరముండదు.

ఇంకను వెనుకకు పోయిన, శాతవాహనుల వెండి నాణెములపై రాజు ముఖముతోపాటు ఒకవైపు ప్రాకృతము, మరియొకవైపు దక్షిణ దేశభాష కనిపించును. గోదావరీ తీరమున కోటిలింగాల గ్రామమున వానలకు బయటపడిన నాణెములను స్థానికులు ఏరి పండితులకు చూపిరి. శ్రీముఖుని పేరు గల నాణెములు అచ్చట లభించుటచే శాతవాహనుల తొలినాళ్ళను గూర్చిన చర్చయే మలుపు తిరిగినది. అవి ఎచ్చట దొరికినవో తెలియకపోయినచో ఇంత ప్రయోజనము కలిగెడిది కాదు. దొరికిన చోటు తెలియని నాణెము సగము మూగది.

ఇక విదేశీ నాణెముల మాట. మన ప్రాంతమున కువైటుకో, ఇతర గల్ఫు దేశములకో పోయినవారు లేని వీధి అరుదు. వారి పెట్టెల అడుగున మిగిలిన ఫిల్సులు, దిర్హములు మన సేకరణకు నాంది కావచ్చును. దీనారము రోమనుల దెనారియసు నుండి, దిర్హము గ్రీకుల ద్రాక్మా నుండి, ఫిల్సు రోమనుల ఫోలిసు నుండి పుట్టిన మాటలు. 1961లో తన దీనారము వచ్చువరకు కువైటులో చెలామణి యైనది మన భారత రూపాయియే. ఇదంతయు తెలిసిన విద్యార్థికి తండ్రి తెచ్చిన చిల్లర చిల్లరగా తోచదు.

మనలో పదహారణాల తెలుగుదనమును పొగడువారు పెక్కుమంది. అణాను చూచినవారు కొద్దిమంది. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చినది. 2011 జూన్ 30 నుండి పావలాయు చెల్లకుండ పోయినది. చెల్లని కాసులని ఇండ్లలో పారవేయబడుచున్నవి. పాత సామానులతోపాటు తూకమునకు అమ్ముడై కరగిపోవుచున్నవి. మనము ఆలస్యము చేసినకొలది పోవునది ఇదియే.

ప్రారంభించుట కష్టము కాదు. ఒక ఇనుప బీరువా, కాగితపు కవరులు, చిన్న త్రాసు, ఒక దస్త్రము చాలును. ప్రతి నాణెమునకు లోహము, బరువు, వ్యాసము, ఇరువైపుల వ్రాతలు, ఎవరి ద్వారా ఎచ్చటి నుండి వచ్చినదో వ్రాసి యుంచవలెను. తోమి మెరిపించరాదు. బాల్యమున నేనొక పాత రాగి పైసను చింతపండుతో తోమితిని. అది తళతళలాడెను గాని, దానిపై వ్రాత మాయమైనది. ఆ తప్పును ఇప్పటికిని మరువలేదు.

విద్యార్థి మిత్రులారా, కొన్ని జాగ్రత్తలు అవసరము. రైస్ పుల్లింగ్ అను మోసము మన జిల్లాలలో ఎందరినో దివాలా తీయించినది. బియ్యపు గింజలను ఆకర్షించు మహిమ ఏ రాగి నాణెమునకును లేదు. సీతారాముల బొమ్మతో 1818 సంవత్సరము వేసి అమ్ముచున్న అణాలు కంపెనీవారు ముద్రించినవి కావు. పాత నాణెములకు లక్షలిత్తుమని తన పేరు వాడుకొను మోసగాండ్రను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లో హెచ్చరించినది. భూమిలో నిక్షేపము దొరికినచో 1878 నాటి చట్టము ప్రకారము కలెక్టరుకు తెలుపవలెను. నూరేండ్లు దాటిన నాణెములకు 1972 నాటి పురావస్తు చట్టము వర్తించును. వాటిని దేశము దాటింపరాదు. క్రొత్తగా త్రవ్వి తీసినదానిని మనము కొననే కూడదు. కొనువాడున్నచో త్రవ్వువాడు పుట్టును.

పరీక్షలకు దీనివలన ప్రయోజనమేమని ఎవరైన అడుగవచ్చును. మార్కులు రావు, నిజమే. అయితే చరిత్ర పుస్తకములోని రాజు ఒక్కసారి చేతిలోనికి వచ్చినచో ఆ పాఠము మరపునకు రాదు. దొంగల భయమందురా? మన సేకరణలో బంగారముండదు. దాని విలువ అంతయు దస్త్రములోనే యుండును.

కళాశాల కమిటీవారికి నా మనవి ఇంతే. చరిత్ర, ఉర్దూ, తెలుగు శాఖల నుండి ఒక్కొక్క అధ్యాపకుని, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల విద్యార్థులలో ఆసక్తి గలవారిని చేర్చి ఒక సంఘము నేర్పరచుడు. వచ్చు వార్షికోత్సవమునాడు యాబది నాణెములనైనను ప్రదర్శింపుడు. ఆ అణాను తెచ్చిన విద్యార్థి దానిని కళాశాలకే ఇచ్చుటకు సిద్ధముగా నున్నాడు. దానిని ఉంచుటకు మనకొక చోటు కావలెను.