ఫోన్ లాక్కుంటే కులం నిలబడుతుందా?



బుక్కపట్నం నుంచి మా కాలేజీకి బస్సులో వచ్చే డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి వారం రోజులుగా కనబడలేదు. నోట్సు పంపిద్దామని ఫోన్ చేశాను. మగ గొంతు. "ఎవరు నువ్వు? ఏ ఊరు?" లెక్చరర్‌నని చెప్పినా మూడో ప్రశ్న ఆగలేదు. "ఏం కులమోళ్లు?"

తర్వాత తెలిసింది. ఎస్సీ కాలనీ అబ్బాయి పంపిన రెండు వాట్సాప్ మెసేజ్‌లు వాళ్ల అన్న కంటబడ్డాయంట. ఫోన్ పోయింది. దాంతోపాటు చదువూ పోయింది.

"సెల్లు వచ్చి ఆడపిల్లల్ని చెడగొట్టింది" అని పెద్దమనుషుల తీర్పు. వాళ్ల భయం సెల్లు కాదు. కులం నిలబడేది సొంత కులంలోనే పెళ్లి అనే కట్టడి మీదని అంబేడ్కర్ 1916లోనే కొలంబియాలో చెప్పాడు. ఆ కట్టడికి కాపలా ఆడదాని ఒంటి మీదే. ఊరికీ వాడకీ మధ్య అంత దూరం పెట్టిందీ అందుకే. చెరువు కట్ట మీద ఇద్దరు నిలబడి మాట్లాడితే ఊరంతా చూస్తుంది. స్క్రీన్ మీద మాట్లాడుకుంటే చూడలేదు. అదీ వాళ్ల దుగ్ధ.

అట్లని టెక్నాలజీ మన పక్షమని మురిసిపోవద్దు. 2022 మే 4న హైదరాబాద్ సరూర్‌నగర్‌లో నాగరాజును నడిరోడ్డు మీద చంపారు. ముస్లిం అమ్మాయిని పెళ్లాడిన దళితుడు. ఫోన్ లొకేషన్ ద్వారానే ఆయన జాడ పట్టారని పోలీసులు చెప్పారు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను చంపారు. ఆ జంట పెళ్లి వీడియో తిరిగిన ఫోన్లలోనే, కేసులో మొదటి నిందితుడైన అమ్మాయి తండ్రికి జేజేలు కొట్టే పోస్టులూ తిరిగాయి. వాడ దాటించిన ఫోనే కత్తికి దారి కూడా చూపిస్తుంది.

ఇంకో సంగతి చూడండి. కులానికో మ్యాట్రిమొనీ సైటుంది. అక్కడ కులం గడి నింపి సంబంధం వెతికితే సంప్రదాయం. అదే ఫోన్‌లో అమ్మాయి తనకు నచ్చినవాడితో మాట్లాడితే చెడిపోవడం! కాబట్టి పంచాయితీ ఫోన్ గురించి కాదు. ఎంచుకునేది ఎవరనే దాని గురించి.

చట్టం ఏమంటోంది? హాస్టల్లో ఫోన్ ఆంక్షలకు ఒప్పుకోలేదని బయటికి పంపిన విద్యార్థిని ఫహీమా షిరిన్‌ను తిరిగి చేర్చుకోమని కేరళ హైకోర్టు 2019లో ఆదేశించింది. ఇంటర్నెట్ వాడుకోవడం చదువు హక్కులో, గోప్యత హక్కులో భాగమని చెప్పింది. పరువు హత్యలు ఆపడానికి ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్, 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టాలని సుప్రీంకోర్టు 2018 మార్చిలోనే చెప్పింది.

ఆ హెల్ప్‌లైన్ నంబర్ మన జిల్లాలో ఏ కాలేజీ గోడ మీదైనా, ఏ బస్టాండులోనైనా మీరు చూశారా? నేను చూడలేదు.

విద్యార్థి మిత్రులారా, రెండు పనులు చేయండి. మీ ఫోన్లో లొకేషన్ ఎవరికి కనిపిస్తోందో, మీ మెయిల్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ఈ రాత్రే చూసుకోండి. ఆ నంబర్ గోడ మీద రాయించమని పుట్టపర్తి కలెక్టరేట్‌కు అర్జీ పెట్టండి. మొదటి సంతకం నాది.